టీకా రోజున బిడ్డ ఎదుగుదల కూడా చూడండి: వైద్యాధికారులకు, పిల్లల డాక్టర్లకు ఒక తల్లి బహిరంగ లేఖ

రెండు తెలుగు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ, మహిళా శిశు సంక్షేమ శాఖ ఉన్నతాధికారులకు, పిల్లల డాక్టర్లకు,

నమస్కారం.

విషయం: పుట్టిన మొదటి ఏడాదిలో ప్రతి బిడ్డకూ ఎదుగుదల పరీక్ష తప్పనిసరి చేయాలని విన్నపం.

ఊళ్లలో ఏఎన్ఎంలు, ఆశలు, అంగన్‌వాడీ టీచర్లు పడే కష్టం నాకు తెలుసు. 2014లో మన దేశానికి పోలియో రహిత దేశమని సర్టిఫికెట్ వచ్చిందంటే అది వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి వేసిన చుక్కల వల్లే. ఆ గౌరవంతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను. ఇదే విషయం మీద మేం కొందరు తల్లులం సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చాం. కొన్నాళ్ళకు "మీ అర్జీ పరిష్కరించబడినది" అని ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో ఎవరూ చెప్పలేదు. టీకా రోజున ఇదివరకు ఏం జరిగేదో ఇప్పుడూ అదే జరుగుతోంది. అందుకే అందరూ చదివేలా రాయాల్సి వచ్చింది.

బిడ్డను టీకాకి తీసుకెళ్తే బరువు చూస్తారు, సూది వేస్తారు, జ్వరం వస్తే వేయమని చుక్కల మందు ఇస్తారు, మళ్ళీ ఎప్పుడు రావాలో కార్డు మీద రాస్తారు. బిడ్డ మనిషిని చూసి నవ్వుతోందా, మెడ నిలిచిందా, చప్పుడు చేస్తే తిరుగుతోందా, రెండు చేతులూ సమానంగా వాడుతోందా అని అడిగేవాళ్ళు లేరు. అడగడానికి కావాల్సిన కాగితం మా చేతిలోనే ఉంది. తల్లీ బిడ్డల సంరక్షణ కార్డులో ఏ నెలకి బిడ్డ ఏం చేయాలో బొమ్మలతో సహా అచ్చువేసిన పేజీలున్నాయి. మా వీధిలో ఎవరి కార్డు తెరిచినా టీకాల పేజీ తేదీలతో నిండి ఉంటుంది, ఎదుగుదల పేజీ ఖాళీగా ఉంటుంది. సర్కారు డబ్బుతో అచ్చువేసి లక్షల మంది తల్లులకు ఇచ్చిన పేజీ అది.

బిడ్డ ఎదుగుదలను గమనించడం మనకు కొత్త కాదు. నవ్వితే నువ్వుండలు, బోర్లా పడితే బొబ్బట్లు, కూర్చుంటే కుడుములు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు, మాటలొస్తే చిలకలు పంచిపెట్టడం మన ఇళ్ళలో ఎప్పటినుంచో ఉంది. ఊరిని బట్టి, ఇంటిని బట్టి వంటకం మారుతుంది కానీ వరస దాదాపు అదే. డాక్టర్ల పుస్తకాల్లో ఉన్నదీ ఆ వరసే. మన అమ్మమ్మలకు తెలియనిది ఒకటే: బొబ్బట్లు వండే రోజు ఎంతకీ రాకపోతే ఏ నెల దాకా ఆగవచ్చు, ఆ తర్వాత ఎక్కడికి వెళ్ళాలి? అది చెప్పాల్సింది మీరు.

ఎప్పటిదాకా ఆగవచ్చో లెక్క ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అయిదు దేశాల పిల్లల్ని గమనించి 2006లో ప్రకటించింది. ఆ పిల్లల్లో ఢిల్లీ పిల్లలూ ఉన్నారు. ఆసరా లేకుండా కూర్చోవడం 3.8 నుంచి 9.2 నెలల మధ్య, పట్టుకుని నిలబడటం 4.8 నుంచి 11.4 నెలల మధ్య, సొంతంగా నడవడం 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడు వచ్చినా మామూలే. నూటికి నలుగురు పిల్లలైతే చేతులూ మోకాళ్ళ మీద పాకనే పాకలేదు. కాబట్టి పక్కింటి పాప ఏడో నెలలో కూర్చుంది, మా వాడికి ఎనిమిదో నెల వచ్చినా కూర్చోలేదు అని టెన్షన్ పడక్కర్లేదు. పదో నెల నడుస్తున్నా కూర్చోకపోతే మాత్రం ఇక ఆగకూడదు. ఈ రెండు మాటలూ చెప్పేవాళ్ళు లేక, కొందరు తల్లులు ఫోన్లో రీల్స్ చూసి అనవసరంగా భయపడుతున్నారు. నిజంగా భయపడాల్సిన తల్లులేమో "ఏం కాదులే" అన్న మాట పట్టుకుని ఇంటికి తిరిగి వెళ్తున్నారు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు లెక్క వేరే ఉంటుంది. ఎనిమిది వారాలు ముందు పుట్టిన బిడ్డకి ఆరు నెలలు వచ్చినప్పుడు నాలుగు నెలల బిడ్డ చేసే పనులే చూడాలి. ఇంత చిన్న సంగతి కూడా డిశ్చార్జి కాగితం మీద రాసి ఇవ్వడం లేదు.

నా సంగతి కూడా చెప్పాలి. మా పాపకి నీళ్లు పోసే పెద్దామె కాళ్ళ మీద పడుకోబెట్టుకుని ఒళ్ళు రుద్దుతూ, "ఎడం చెయ్యి పిడికిలి విడవడం లేదమ్మా, ఆ వైపు కాలు కూడా బిగిసినట్టుంది" అంది. అప్పటికి పాపకి మూడో నెల దాటింది. ఆమెకు చదువు రాదు. ఊళ్లో పిల్లలందరికీ నీళ్లు పోసిన చేతులవి. టీకాకి వెళ్ళినప్పుడు అడిగాను. కుడిచేతి వాటమేమో, కంగారు పడకండి అన్నారు. ఒక ప్రైవేటు ఆస్పత్రిలో అడిగాను. బరువు బాగుంది, పాప యాక్టివ్‌గా ఉంది అన్నారు. ఆ పిడికిలి విప్పి చూడలేదు. ఏడాదిన్నర దగ్గర పడ్డాక, అడుగులేస్తూ కాలు ఈడుస్తుంటే అప్పుడు స్కానింగ్ రాశారు. సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల కాళ్ళూ చేతులూ సరిగా కదలకపోవడం. మా పాపకి ఒంట్లో ఎడమ సగం. ఏడాదిలోపు పిల్లలకు చేతివాటం ఏర్పడదని, ఒకే చెయ్యి వాడుతుంటే రెండో చెయ్యి ఎందుకు వాడటం లేదో చూడాలని ఆ తర్వాత ఫిజియోథెరపిస్టు చెప్పింది. పిల్లల డాక్టర్లకు ఇది తెలియని సంగతి కాదు. సెరిబ్రల్ పాల్సీని ఆరు నెలల లోపే గుర్తించవచ్చని 2017లోనే అంతర్జాతీయ నిపుణుల బృందం చెప్పింది. మెదడు చేతికీ కాలికీ దారులు వేసుకునే నెలలు అవే. ఆ నెలల్లో వాడని చెయ్యిని తర్వాత వాడించడం ఎంత కష్టమో మా ఇంట్లో రోజూ చూస్తున్నాం.

ఇది మా ఒక్క ఇంటి బాధ అయితే ఉత్తరం రాసేదాన్ని కాదు. ఫిజియోథెరపీ గది బయట బెంచీ మీద కూర్చునే తల్లులందరి కథా ఇలాగే ఉంది. అందరూ ముందే గమనించారు, అందరూ అడిగారు. ఆ తల్లుల దగ్గర విన్నదీ, ఆ తర్వాత చదివి తెలుసుకున్నదీ కలిపి కింద రాస్తున్నాను.

1. ఎవరూ చూడని అయిదున్నర నెలలు.

సర్కారు టీకాల పట్టికలో ఆరు, పది, పద్నాలుగు వారాలకు టీకాలున్నాయి. ఆ తర్వాత తొమ్మిది నెలలు నిండాకే మీజిల్స్ రుబెల్లా టీకా. అంటే మూడున్నర నెలల నుంచి తొమ్మిది నెలల దాకా బిడ్డను ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళే పనే లేదు. మెడ పూర్తిగా నిలవడం, బోర్లా పడటం, వస్తువు కోసం చెయ్యి చాపడం, ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకోవడం, కూర్చోవడం, "అత్త, తాత" అని అక్షరాలు పలకడం మొదలయ్యేది సరిగ్గా ఈ కాలంలోనే. డబ్బున్నవాళ్ళు ప్రైవేటు ఆస్పత్రిలో ఆరో నెలలో ఫ్లూ టీకాకో, టైఫాయిడ్ టీకాకో వెళ్తారు. అక్కడైనా ఎవరో ఒకరు బిడ్డను చూసే అవకాశం ఉంది. కూలికి వెళ్ళే తల్లికి అదీ లేదు.

ఈ ఖాళీ పూడ్చడానికే 2018లో కేంద్రం ఒక ఏర్పాటు చేసింది. 3, 6, 9, 12, 15 నెలలకు ఆశ ఇంటికి వచ్చి బిడ్డను చూడాలి, ఎదుగుదల గురించి అడగాలి. ఒక్కో సందర్శనకు ఆమెకిచ్చేది 50 రూపాయలు. సర్వేలు, యాప్‌లు, మీటింగులు, ఊళ్లో కాన్పులు అన్నీ ఆమె నెత్తినే పెట్టి, 50 రూపాయలకు బిడ్డ పక్కన కూర్చుని ఓపిగ్గా గమనించమంటే ఎలా కుదురుతుంది? వచ్చి వెళ్ళినట్టు రిజిస్టర్‌లో ఉంటుంది. తప్పు ఆశలది అనడం లేదు. ఆ పనికి సమయం, శిక్షణ, డబ్బు ఇవ్వాల్సింది పైవాళ్ళు.

2. వినిపించని పిల్లలు.

పుట్టుకతోనే వినికిడి లోపం ఉన్న పిల్లలు వెయ్యికి ఒకరి నుంచి ముగ్గురు దాకా ఉంటారు. ఇంట్లోవాళ్ళకు ఇది తెలియకపోవడానికి కారణం ఉంది. చెవులు వినిపించని బిడ్డ కూడా మొదటి నెలల్లో ఊఁ ఊఁ అంటుంది, కేరింతలు కొడుతుంది. తలుపు గట్టిగా వేస్తే ఆ అదురుకు ఉలిక్కిపడుతుంది, మనిషి నీడ పడితే తిరిగి చూస్తుంది. ఆరో నెల దాటాక ఆ ఊసులు అక్షరాలుగా మారకుండా తగ్గిపోతాయి. అప్పుడు ఇంట్లో వినబడే మాటలు మనకందరికీ తెలుసు: "మగపిల్లలకి మాటలు లేటుగానే వస్తాయి", "వాళ్ళ నాన్నకీ మూడేళ్ళకే వచ్చాయి". బడిలో వేసేదాకా అలాగే గడిచిపోతుంది.

నెల లోపు పరీక్ష, మూడు నెలల లోపు నిర్ధారణ, ఆరు నెలల లోపు వినికిడి యంత్రం. చాలా దేశాల్లో పాటించే పద్ధతి ఇది. చెవిలో చిన్న ప్రోబ్ పెట్టి చేసే ఓఏఈ పరీక్షకు నిమిషాలు చాలు. నిద్రపోతున్న బిడ్డకి కూడా చేయవచ్చు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి లోపం కోసం అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. పక్కనే 1984 నుంచి మేధో వైకల్యం కోసం జాతీయ సంస్థ కూడా ఉంది. దేశం నలుమూలల నుంచి జనం వచ్చే చోటు మన మధ్యే ఉన్నా, కాన్పు అయిన ఆస్పత్రిలో పరీక్ష జరగకపోతే ఆ తల్లికి అక్కడికి వెళ్ళాలని ఎవరు చెప్తారు?

3. ఉలికిపాటు అనుకునే ఫిట్స్.

దీని గురించి చదివాక నాకు నిద్ర పట్టలేదు. మూడు నుంచి పన్నెండు నెలల మధ్య కొందరు పిల్లలకు ఒక రకం ఫిట్స్ వస్తాయి. నోట్లో నురగ ఉండదు, ఒళ్ళంతా కొట్టుకోదు. నిద్ర లేచినప్పుడు తల ఒక్కసారి ముందుకు వాలుతుంది, చేతులు ముందుకు చాపుతుంది, కొన్ని సెకన్లు ఆగి మళ్ళీ అలాగే, వరసగా. చూసేవాళ్ళు బిడ్డ దడుచుకుందనుకుంటారు, కడుపునొప్పి అనుకుంటారు, దిష్టి తీస్తారు, తాయెత్తు కడతారు. అంతకుముందు నవ్వే బిడ్డ నవ్వడం మానేస్తుంది, నిలిచిన మెడ వాలిపోతుంది. వెంటనే మందు మొదలుపెట్టడం ఇక్కడ చాలా ముఖ్యం, ఒక్కో వారం ఆలస్యానికీ బిడ్డ మూల్యం చెల్లిస్తుంది. ఈ రోజుల్లో ప్రతి ఇంట్లో ఫోన్ ఉంది. "బిడ్డ ఇలా చేస్తే వీడియో తీసి వెంటనే డాక్టర్‌కి చూపించండి" అని టీకా గది గోడ మీద ఒక పోస్టర్ అంటిస్తే ఎంతమంది పిల్లలు బతికి బాగుపడతారో ఆలోచించండి. వచ్చిన పని ఏదైనా బిడ్డ మర్చిపోతే, అది ఏ నెలలోనైనా సరే, ఆ రోజే డాక్టర్‌కి చూపించాలన్న మాట కూడా ఆ పోస్టర్‌లో ఉండాలి.

4. మందుతో నయమయ్యేవి.

ఎదుగుదల ఆలస్యమంటే ఇక చేసేదేమీ లేదని చాలామంది అనుకుంటారు. పుట్టుకతో థైరాయిడ్ తక్కువగా ఉన్న బిడ్డకి రెండు వారాల లోపు మాత్ర మొదలుపెడితే మామూలుగా ఎదుగుతుంది, నెలలు గడిచాక మొదలుపెడితే బుద్ధి మాంద్యం మిగిలిపోతుంది. మడమ మీద చిన్న సూది గుచ్చి తీసే నెత్తుటి చుక్కతో ఇది తెలుస్తుంది. మాంసం, గుడ్లు, పాలు సరిగా తినని తల్లికి బీ12 తక్కువైతే, తల్లిపాలే తాగే బిడ్డ ఆరో నెల తర్వాత మందకొడిగా అయిపోయి, నేర్చుకున్నవి మర్చిపోయి, ఒళ్ళు వణకడం దాకా వెళ్తుంది. ఇది కూడా మందుకు లొంగేదే. ఇక రక్తహీనత సంగతి మీకు నేను చెప్పాలా? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆరు నెలల నుంచి అయిదేళ్ళ లోపు పిల్లల్లో దేశంలో 67.1 శాతం మందికి రక్తం తక్కువ. ఆరు నెలలు నిండిన బిడ్డకి వారానికి రెండుసార్లు ఒక్కో మిల్లీలీటరు ఐరన్ సిరప్ వేయాలని మీ కార్యక్రమంలోనే ఉంది. మా వీధిలో ఆ సీసా చాలా ఇళ్ళకు చేరలేదు. చేరిన ఇళ్ళలో ఎలా వేయాలో ఎవరూ చెప్పలేదు.

5. ఎస్‌ఎన్‌సీయూ (నవజాత శిశువుల ప్రత్యేక చికిత్స విభాగం) నుంచి ఇంటికి వచ్చిన పిల్లలు.

తక్కువ బరువుతో, నెలలు నిండకుండా, పుట్టగానే ఏడవకుండా పుట్టిన పిల్లల్ని మీ డాక్టర్లు, నర్సులు రాత్రీ పగలూ కాపాడి ఇంటికి పంపుతున్నారు. వాళ్ళకు చేతులెత్తి మొక్కాలి. ఎదుగుదల ఆలస్యమయ్యే ప్రమాదం ఎక్కువ ఉన్నదీ ఈ పిల్లలకే. రెండు కిలోల లోపు బరువుతో గానీ 34 వారాల లోపు గానీ పుట్టిన బిడ్డకి నెల తిరగకముందే కంటి రెటీనా పరీక్ష జరగాలి. ఆ గడువు దాటితే కొందరికి చూపు పోతుంది, మళ్ళీ రాదు. అయినా ఇంటికి వెళ్ళాక ఫలానా తేదీన రాలేదేమని ఫోన్ చేసేవాళ్ళు ఉండరు.

6. తల్లి మీద పడే భారం.

ఆలస్యంగా తెలిస్తే ఖర్చు ఎవరిది? మా బెంచీ మీద కూర్చునే ఒక తల్లి మిరప తోటల్లో కూలికి వెళ్ళేది. థెరపీకి రావాలంటే రెండు బస్సులు మారాలి, కూలి పోతుంది, పెద్దబిడ్డను బడి మాన్పించి ఇంట్లో ఉంచాలి. కొన్ని నెలలు వచ్చి మానేసింది. ఇలా మానేసిన వాళ్ళను పట్టించుకోలేదని నిందిస్తారు. గ్రహణం రోజు బయటికి వచ్చిందని, కడుపుతో ఉండగా ఏదో తిందని ఇంట్లోవాళ్ళూ నిందిస్తారు. చివరికి అందరూ కలిసేది సదరం క్యాంపు క్యూలో. వైకల్యం ఎంత శాతమో కొలవడానికి మన దగ్గర పద్ధతి ఉంది. అంతకుముందే, బిడ్డ ఒళ్ళో ఉండగానే గుర్తించడానికి మాత్రం పద్ధతి కాగితం మీదే ఆగిపోయింది.

కాగితం మీద అన్నీ ఉన్నాయి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుట్టుక లోపాలు, పోషక లోపాలు, జబ్బులతో పాటు ఎదుగుదల ఆలస్యాన్ని కూడా చేర్చారు. సంచార వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీకి రావాలి. అయితే ఏడాదిలోపు బిడ్డ అంగన్‌వాడీలో కూర్చోదు కదా! బృందం వచ్చిన రోజున అక్కడ ఉండేది మూడేళ్ళు దాటిన పిల్లలు. చంటిబిడ్డ తల్లి బాలామృతం ప్యాకెట్ తీసుకుని వెళ్ళిపోతుంది, ఆ రోజు బృందం వస్తుందన్న కబురే ఆమెకు అందదు. 2024లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ పుట్టినప్పటి నుంచి మూడేళ్ళ దాకా బిడ్డతో ఏ నెలలో ఏం ఆడించాలో చెప్పే "నవచేతన" తెచ్చింది. మంచి పనే. అందులోని ఆటలు చాలావరకు మన తారంగాలు, దాగుడుమూతలే. దాన్ని ఇంటిదాకా తెచ్చేదెవరు?

అందుకని మేం కోరేవి ఇవి:

1. టీకా వేసే ప్రతి బుధవారం, శనివారం, సూదికి ముందే కార్డులోని ఎదుగుదల పేజీ తెరిచి తల్లిని అడిగి నింపాలి. ఆ పేజీ ఖాళీగా ఉంటే పర్యవేక్షణకు వచ్చిన అధికారి ఎందుకని అడగాలి. దీనికి కొత్త యాప్ వద్దు. ఉన్న యాప్‌లలో ఏదో ఒక ఎంట్రీ తగ్గించి ఏఎన్ఎంకి ఈ పనికి సమయం ఇవ్వండి.

2. ఆరో నెలను తప్పనిసరి చేయండి. అన్నప్రాసన జరిగే నెల అది, ఆ తర్వాతి నెల నుంచే బాలామృతం మొదలవుతుంది. పేరు రాయించుకోవడానికి తల్లి ఎలాగూ అంగన్‌వాడీకి వస్తుంది. ఆ రోజే బిడ్డను చాప మీద పడుకోబెట్టి, గిలక్కాయ ఆడించి, కూర్చోబెట్టి చూడాలి.

3. ఎలా చూడాలన్నది కష్టమేమీ కాదు. తిరువనంతపురం చైల్డ్ డెవలప్‌మెంట్ సెంటర్‌లో డాక్టర్ ఎం.కె.సి. నాయర్ బృందం 1991లోనే ఒక చార్టు తయారుచేసింది. రెండేళ్ళ లోపు పిల్లలకు మొత్తం 17 అంశాలు. బిడ్డ వయసు దగ్గర స్కేలు నిలువుగా పెడితే, దానికి ఎడమ పక్కన ఉన్నవన్నీ బిడ్డ చేస్తూ ఉండాలి. చేయనిది ఉంటే డాక్టర్‌కి పంపాలి. అంగన్‌వాడీ టీచర్ కొద్ది నిమిషాల్లో చేయగలిగేలా తయారైంది అది. కేరళలో మూడు దశాబ్దాలకు పైగా ఉన్నదాన్ని తెలుగులో అచ్చువేసి ప్రతి అంగన్‌వాడీ గోడకు తగిలించలేమా? అందులో డాక్టర్ల భాష వద్దు. మెడ నిలవడం, బోర్లా పడటం అని తల్లులు అనే మాటలే రాయండి.

4. అనుమానం ఉన్న బిడ్డను జిల్లా ఆస్పత్రిలోని డీఈఐసీకి (ఎదుగుదల లోపాలను ముందే గుర్తించి చికిత్స చేసే కేంద్రానికి) పంపేటప్పుడు చేతిలో ఒక స్లిప్పు పెట్టండి: ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ గది, ఎవరికి ఫోన్ చేయాలి. రెండు వారాల్లో బిడ్డను చూడాలి. ఆ కేంద్రాల్లో పిల్లల డాక్టర్, ఫిజియోథెరపిస్టు, వినికిడి నిపుణులు, సైకాలజిస్టు, స్పెషల్ ఎడ్యుకేటర్ ఉండాలని మీ మార్గదర్శకాల్లోనే ఉంది. జిల్లాల వారీగా ఏ పోస్టులో మనిషి ఉన్నారో, ఏది ఖాళీయో ప్రజలకు తెలిసేలా ప్రకటించండి. ఖాళీలు నింపండి.

5. ఏడాదిలోపు జబ్బుపడ్డ బిడ్డకి ఉచిత వైద్యంతో పాటు ఉచిత రవాణా కూడా జననీ శిశు సురక్షా కార్యక్రమం ఇచ్చిన హక్కు. ఎదుగుదల ఆలస్యాన్ని అందులో లెక్కించండి. కాన్పయిన తల్లిని ఇంట్లో దించే 102 వాహనం, తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్ ఆ బిడ్డను థెరపీకి కూడా తీసుకెళ్ళాలి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉన్న భవిత కేంద్రాల్లో వారంలో ఒక రోజు ఏడాదిలోపు పిల్లలకు కేటాయిస్తే ఆ మిరప తోట తల్లి లాంటివాళ్ళు థెరపీ మానేయరు.

6. సర్కారు ఆస్పత్రైనా, ప్రైవేటు ఆస్పత్రైనా వినికిడి పరీక్ష, థైరాయిడ్ పరీక్ష జరగకుండా బిడ్డను ఇంటికి పంపకూడదు. ఎస్‌ఎన్‌సీయూలో ఉన్న ప్రతి బిడ్డకీ ఏడాది దాకా రావాల్సిన తేదీలు రాసివ్వాలి, రాకపోతే ఫోన్ చేయాలి.

7. బేబీ వాకర్లు వాడొద్దని టీకా గదిలో రాసిపెట్టండి. కెనడా 2004లోనే వాటి అమ్మకాన్ని నిషేధించింది. వాకర్ వల్ల నడక త్వరగా రాదు, పిల్లలు మెట్ల మీద నుంచి పడిపోతారు. ఏడాదిలోపు పిల్లలకు ఫోన్ చూపించవద్దని, మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తంలో కనీసం అరగంట బోర్లా పడుకోబెట్టి ఆడించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. అదీ చెప్పండి.

పిల్లల డాక్టర్లకు విడిగా ఒక మాట. మీ ఓపీలో ఎంత రద్దీ ఉంటుందో మాకు తెలుసు. జ్వరంతో వచ్చిన బిడ్డకి ఆ రోజు ఎదుగుదల అంతా చూడమని అడగడం లేదు. తల్లి గానీ, అమ్మమ్మ గానీ "ఏదో తేడాగా ఉంది" అని చెప్పినప్పుడు మాత్రం బిడ్డను ఒక్కసారి బట్టలు తీసి పడుకోబెట్టి చూడండి. చూసి, ఏం ఫరవాలేదు అనిపిస్తే అలాగే చెప్పండి, మేం నమ్ముతాం. "ఇంకో రెండు నెలలు చూద్దాం" అన్నప్పుడు ఏం చూడాలో, ఏ తేదీకి రావాలో చీటీ మీద రాయండి. "పెద్దయ్యాక సర్దుకుంటుంది" అన్న మాటను బిడ్డను పరీక్షించకుండా మాత్రం అనకండి. మీ నోటి నుంచి వచ్చిన ఆ మాటను మా ఇళ్ళలో ఎవరూ దాటి వెళ్ళరు.

ఇందులో కొన్నింటికి డబ్బు కావాలి, పోస్టులు కావాలి, సమయం పడుతుంది. అవి ఎప్పటిలోగా అవుతాయో, ఏ అధికారి బాధ్యతో రాతపూర్వకంగా చెప్పండి. మొదటి కోరికకు బడ్జెట్ అక్కర్లేదు. కార్డులు ఇళ్ళలో ఉన్నాయి, పేజీ అందులో ఉంది, పెన్ను ఏఎన్ఎం చేతిలో ఉంది. వచ్చే బుధవారం నుంచి ఆ పేజీ నింపమని ఒక సర్క్యులర్ పంపండి. మా అర్జీకి మెసేజ్ రూపంలో కాకుండా సంతకం ఉన్న జవాబు ఇవ్వండి.

ఇట్లు,
ఫిజియోథెరపీ గది బయట కూర్చునే తల్లులందరి తరఫున,
ఒక తల్లి